తడిసిన ట్రంకుపెట్టె, విమానం వీపు మీది జెట్టు: గవర్నర్‌పేటలో ఒక స్కానింగ్ దుకాణంతో నా అనుభవం

విజయవాడ గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, ఒకప్పుడు పెళ్లి ఫొటోలకు పేరుపడిన స్టూడియో ఇప్పుడు పాత కాగితాలను, ఫొటోలను, క్యాసెట్లను స్కాన్ చేసి భద్రపరిచే దుకాణంగా నడుస్తోంది. వైమానిక దళంలో ఇరవై ఏళ్లు ఇంజన్ ఫిట్టరుగా పనిచేసి 1983లో బయటికి వచ్చిన మా నాన్నగారి కాగితాలన్నిటినీ అక్కడ అప్పగించి, నలభై రెండు రోజుల తర్వాత తిరిగి తెచ్చుకున్నాను. ఇంట్లో ఇటువంటి కాగితాలు ఉన్నవారికి పనికివస్తుందన్న ఉద్దేశంతో ఆ అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను. జరిగిన తప్పులను కూడా దాచకుండా చెప్పదలచుకున్నాను గనుక దుకాణం పేరు రాయడం లేదు. యజమాని మర్యాదస్థుడు, ఆయనను నొప్పించడం నా ఉద్దేశం కాదు.

అమ్మ, నాన్నగారు సింగ్‌నగర్‌లో ఉంటారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఊరి మీద పడినప్పుడు ఇద్దరూ పై వాటా వారి ఇంటికి ఎక్కగలిగారు గాని, మంచం కింద ఉన్న నల్ల ఇనప ట్రంకుపెట్టెను పైకి చేర్చేంత వ్యవధి దొరకలేదు. మూత మీద తెల్లరంగుతో ఆయన సర్వీసు నంబరు, పేరు రాసి ఉన్న ఆ పెట్టె తాంబరంలో శిక్షణ నాటి నుంచి ఆయన వెంట ఎన్నో రైళ్లు ఎక్కి దిగి, చివరికి సొంత ఇంట్లో నీట మునిగింది. హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడుస్తుంటే నాన్నగారు డాబా మీద నిలబడి చూస్తూ, "పొట్లం పగలకూడదంటే ఇంకా కిందికి దిగాలిరా" అని నాకు ఫోనులో చెప్పారు. సరుకులు జారవిడిచే విమానాల దగ్గరే వయసంతా గడిపిన మనిషి గనుక, నీళ్ల మధ్య చిక్కుకుని ఉండి కూడా ఆయన ఆలోచన అటే పోయింది. నేను గుంటూరు అరండల్‌పేటలో ఉంటాను. నీరు తీసి, పెట్టె గుంటూరు చేరేసరికి అయిదు రోజులు గడిచాయి.

పెట్టెలో ఉన్నవి: డిశ్చార్జి పుస్తకం, ట్రేడ్ పరీక్షల సర్టిఫికెట్లు, మూవ్‌మెంట్ ఆర్డర్లు (ఒక చోటి నుంచి మరో చోటికి పంపే ఉత్తర్వులు), సెలవు కాగితాలు, 1971 నాటి జేబు డైరీ, మా నాయనమ్మకు ఆయన రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట, ఎనభై ఆరు ఫొటోలు, పతకాలు. అన్నీ బురద పట్టి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. తెలిసినవారు ఈ దుకాణం నంబరు ఇస్తే ఫోను చేశాను. ఆ మొదటి ఫోనులోనే యజమాని ఇచ్చిన సలహాకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను, ఎందుకంటే ఆ సలహాకు ఆయన డబ్బు తీసుకోలేదు, అప్పటికి నేను ఆయన ఖాతాదారునూ కాదు. ఎండలో పెట్టవద్దని, ఇస్త్రీపెట్టె ముట్టించవద్దని, అతుక్కున్న ఫొటోలను గోటితో విడదీయవద్దని చెప్పారు. వాటిని అలాగే ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే బూజు ఆగుతుందని, విడిగా ఉన్న కాగితాల మధ్య రాతలేని తెల్ల కాగితాలు పెట్టి, ఫ్యాను గాలికి ఆరబెడుతూ పూటపూటా ఆ తెల్ల కాగితాలను మార్చమని చెప్పారు. మా ఫ్రీజర్‌లో ఐస్‌క్రీము డబ్బా పక్కన 1971 యుద్ధం పది రోజులు ఉంది. అతుక్కున్న ఫొటోలలో మూడు తప్ప మిగిలినవన్నీ చెక్కుచెదరకుండా విడివడ్డాయి.

ఆ సలహా నాకు ఆలస్యంగా అందిన సందర్భం ఒకటి ఉంది. కొన్నేళ్ల కిందట ఇంటి దగ్గరి ఒక జిరాక్సు కొట్టులో, భద్రంగా ఉంటుందని చెబితే నమ్మి, డిశ్చార్జి సర్టిఫికెట్ ఒకదానిని లామినేషన్ చేయించాము. వేడితో అతికించిన ఆ ప్లాస్టిక్‌ను కాగితం చెడకుండా మళ్లీ ఊడదీయడం దాదాపు సాధ్యం కాదు. అంచు దగ్గర సన్నని సందులోంచి వరద నీరు లోపలికి చేరి, బయటికి వచ్చే దారి లేక, కాగితం లోపలే బూజు పట్టింది. ప్లాస్టిక్ లేని కాగితాలు ఆరి బాగుపడ్డాయి, ప్లాస్టిక్‌లో భద్రపరిచినది పాడైంది. పతకాల విషయంలో తప్పు మా ఇంట్లోనే జరిగింది. బురద పోవాలని అమ్మ వాటిని ఇత్తడి చెంబులతో పాటు చింతపండు పెట్టి తోమింది. 1971 యుద్ధానికి ఇచ్చిన పూర్వీ స్టార్, సంగ్రామ్ పతకం, 1965 నాటి రక్షా పతకం ఇప్పుడు కొత్తగా మెరుస్తున్నాయి. అంచున చెక్కిన నంబరు, పేరు మాత్రం కొంచెం అరిగాయి. దుకాణం ఆయన వాటిని చూసి ఏమీ అనలేదు, అంచులను దగ్గరగా ఫొటో తీసి పెట్టారు.

స్కానింగ్ పని విషయానికి వస్తే, అది నిస్సందేహంగా మంచి పని. గుండుసూదులను, తుప్పుపట్టిన పిన్నులను లాగకుండా, కాళ్లు విప్పి నిదానంగా తీశారు. కాగితాలను 300 డీపీఐలోను (డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), ఫొటోలను 600 డీపీఐలోను, నలుపు తెలుపు ఫొటోలను కూడా రంగుల పద్ధతిలోనే స్కాన్ చేశారు. అందువల్ల కాగితం పసుపు, మరకల గోధుమరంగు, ముద్రల ఊదా రంగు ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. పోస్టుకార్డు సైజు ఫొటో ఒక్కొక్కటి టిఫ్ ఫైలుగా, అంటే నాణ్యత తగ్గించకుండా భద్రపరిచే ఫైలుగా, ఇరవై అయిదు మెగాబైట్ల వరకు ఉంటుంది. ఇంట్లో చూసుకోవడానికి, పంపుకోవడానికి చిన్న జేపీజీలు వేరే ఇచ్చారు. డైరీని కుట్టు విప్పకుండా, సగం తెరిచి నిలిపే చెక్క పీట మీద పెట్టి, పైనుంచి కెమెరాతో తీశారు. ఇంత శ్రద్ధ నేను ఊహించలేదు.

అయితే మొదట ఇచ్చిన లెక్కలో ఫొటోల వెనక వైపు లేదు. నేను పట్టుబట్టాక గాని ఆయన ఒప్పుకోలేదు. ఫొటో వెనక ఏముంటుందన్నది ఆయన వాదన. మా పెట్టెలోని ఒక ఫొటోలో నలుగురు కుర్రాళ్లు ఒక విమానం రెక్క కింద నిలబడి నవ్వుతున్నారు, ముందు వైపు అంతకుమించి ఏమీ లేదు. వెనక మాత్రం ఆగ్రాలోని స్టూడియో వారి ఊదారంగు ముద్ర, పెన్సిలుతో 12/71 అన్న అంకెలు ఉన్నాయి. 1971 డిసెంబరు 3 రాత్రి పాకిస్తాను విమానాలు మన వైమానిక స్థావరాల మీద దాడి చేసినప్పుడు బాంబులు పడిన చోట్లలో ఆగ్రా ఒకటి. ఆ అంకెలు చూపించాకే ఆ నవ్వు ఏ నెలదో ఆయనకు బోధపడింది. ఇప్పుడు వెనక వైపును కూడా లెక్కలో కలిపే చెబుతున్నారట.

తర్వాత జరిగినది చిన్న తప్పు కాదు. మూడు ఫొటోలకు రీటచ్, అంటే మరకలు తీసి కొత్తదానిలా చేసే పని, అడిగాను. నాన్నగారు పనిచేసినది ప్యాకెట్ విమానాల మీద. రెండు తోకలు, మధ్యలో పెద్ద పెట్టెలాంటి శరీరం ఉన్న అమెరికా తయారీ రవాణా విమానం అది. హిమాలయాల మీద ఎత్తయిన చోట్లకు వెళ్లినప్పుడు దాని రెండు పిస్టన్ ఇంజన్ల బలం చాలదని, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు దాని వీపు మీద ఆర్ఫియస్ జెట్ ఇంజన్‌ను ఒకటి అదనంగా బిగించారు. నాట్ యుద్ధ విమానంలో ఉండేదీ ఈ ఆర్ఫియస్ ఇంజనే. చూసేవారికి విమానం వీపు మీద ఎవరో గోనె మూట పెట్టి మరిచిపోయినట్టు కనిపిస్తుంది. రీటచ్ చేసిన కుర్రవాడికి అది ఫొటో మీద లేచిన పొక్కులాగా కనిపించింది కాబోలు, దానిని చక్కగా నునుపు చేసి, వెనక ఆకాశం అతికించాడు. తోక మీద మసకగా ఉన్న అంకెలను కూడా మరక అనుకుని తుడిచాడు. ప్రింటు చూసిన నాన్నగారు అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చూసి, "ఇది మా బండి కాదు" అన్నారు. ఆ జెట్టుకు నూనె మరకలు తుడిచి, బోల్టులు బిగించి, చలిలో వేళ్లు పగిలిన మనిషి ముందు అది లేని విమానాన్ని పెడితే ఆయన మరేమంటారు?

యజమాని వెంటనే తప్పు ఒప్పుకున్నారు, డబ్బు వాపసు ఇచ్చారు, అసలు స్కాన్ చెక్కుచెదరకుండా ఉంది గనుక నష్టమూ జరగలేదు. కాని నా అభిప్రాయం మారదు. యుద్ధకాలపు ఫొటోలకు రీటచ్ చేయించవద్దు. పెళ్లి ఫొటోలో పెళ్లికూతురి మొహం మీది మచ్చ తీస్తే ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ మరక ఏదో, సాక్ష్యం ఏదో తెలిసిన మనిషి ఒక్కడే, ఆయనకు ఎనభై ఏళ్లు.

ఈ దుకాణంలో అన్నిటికంటే విలువైనది నేను అడగకుండా యజమానే ప్రతిపాదించిన పని. స్కాన్ చేసిన ఫొటోలను, ఉత్తరాలను పెద్ద తెర మీద ఒక్కొక్కటిగా చూపిస్తూ, నాన్నగారు చెప్పే మాటలను రికార్డు చేస్తామన్నారు. ఒక్కో విడత రికార్డింగుకు 1,500 రూపాయలు. మొదటిసారి దుకాణంలోనే చేశారు, అది దండగ. ఏలూరు రోడ్డు బస్సుల హారన్లు ప్రతి వాక్యంలోనూ దూరాయి. రెండవసారి ఆయన స్వయంగా గుంటూరు మా ఇంటికి వచ్చి, తలుపులు మూసి, ఫ్యాను ఆపి కూర్చున్నారు. గంటన్నర పాటు చెమటలు కారుతూ ఆయన చేసినది ఒక్కటే: ఫొటో చూపించడం, "ఈ పక్కన భుజం మీద చెయ్యి వేసినాయన ఎవరు బాబాయిగారూ?" అని అడగడం, తర్వాత నోరు మెదపకుండా ఉండడం. నేనైతే మధ్యలో మాట అందించి చెడగొట్టేవాడిని. రెండుసార్లు అందించాను కూడా, ఆయన చేయి ఎత్తి ఆపారు.

1971 డిసెంబరులో నాయనమ్మకు రాసిన ఇన్‌లాండ్ ఉత్తరం మా దగ్గర చిన్నప్పటి నుంచి ఉంది. తెనాలి దగ్గర పల్లెలో పోస్టుమాను దానిని ఆమెకు చదివి వినిపించేవాడట. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి, ఇక్కడ చలి ఎక్కువగా ఉందని, స్వెట్టరు వేసుకుంటున్నానని, తమ్ముడి చదువు ఎలా ఉందని అడిగి ముగించారు. చిరునామాలో ఊరి పేరు లేదు, 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని మాత్రమే ఉంది. సైనిక తపాలాలో తూర్పు వైపు ఉన్నవారికి ఆ అంకె, పడమటి వైపు ఉన్నవారికి 56 ఏపీఓ రాసేవారు. ఏ ఊరిలో ఉన్నారన్నది తల్లికి కూడా చెప్పకూడదు. యాభై ఏళ్లకు పైగా మాకు తెలిసినది ఆ చలి, ఆ స్వెట్టరు మాత్రమే.

ఆ ఉత్తరం తెర మీద కనబడగానే నాన్నగారు చెప్పినది వేరు. దాడి జరిగిన రాత్రి ఆగ్రాలో కందకంలో కూర్చున్నామని, ఊరంతా దీపాలు ఆర్పేశారని, వెన్నెలలో తాజమహల్ పైనుంచి కనబడుతుందన్న భయంతో దాని మీద గుడ్డలు కప్పారని చెప్పారు. తర్వాత కొద్దిరోజులకే తమ బృందాన్ని తూర్పుకు, పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండ వైమానిక స్థావరానికి పంపారని, డిసెంబరు 11న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్ వద్ద పారాచూట్ సైనికుల రెండవ పారా బెటాలియన్‌ను దింపడానికి వెళ్లిన విమానాలలో తాము సిద్ధం చేసినవి ఉన్నాయని చెప్పారు. బరువైన సరుకులు జారవిడవడానికి ప్యాకెట్ వెనుక తలుపులను పూర్తిగా ఊడదీసేవారట. ఊడదీసిన తలుపులను వరసగా గడ్డి మీద పేర్చి, వాటి పక్కనే కూర్చుని, వెళ్లిన విమానాలు తిరిగి వచ్చేదాకా ఆకాశంలో శబ్దం కోసం చెవులు రిక్కించుకుని ఉన్నారట. "తలుపులు లెక్కపెడుతూ కూర్చున్నాం నాయనా. బండి రాకపోతే ఆ తలుపు ఎవరికి బిగిస్తాం?" అన్నారు. ఈ మాట ఏ కాగితంలోనూ లేదు. డిశ్చార్జి పుస్తకంలో ఆయన ప్రవర్తన, ట్రేడు, పదోన్నతుల తేదీలు ఉన్నాయి, మూవ్‌మెంట్ ఆర్డరులో బయలుదేరిన తేదీ ఉంది. తలుపుల పక్కన కూర్చున్న మధ్యాహ్నం ఆయన నోట తప్ప ఎక్కడా లేదు.

చెప్పినవారు లేక, రాసినవారు లేక యుద్ధంలో ఎంత పెద్ద సంగతి మరుగున పడుతుందో తెలుసుకోవాలంటే స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య గారి విషయం చాలు. 1965 సెప్టెంబరు 7న పాకిస్తానులోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి మిస్టియర్ యుద్ధ విమానంలో వెళ్లి తిరిగిరాని ఆయన, అంతకంటే ఎంతో వేగవంతమైన పాకిస్తాను స్టార్‌ఫైటర్ విమానాన్ని కూల్చిన సంగతి మన వైపు ఎవరికీ తెలియలేదు. అవతలి పక్షం కథనాల ద్వారా బయటపడి, ఆయనకు మరణానంతరం మహావీర చక్రం ప్రకటించేసరికి 1988 వచ్చింది. ప్రభుత్వ పత్రాల సంగతి కొంత మెరుగుపడింది. యుద్ధ డైరీల వంటి రికార్డులను సాధారణంగా ఇరవై అయిదేళ్లలో బహిరంగపరచాలని రక్షణ మంత్రిత్వ శాఖ 2021 జూన్‌లో విధానం ప్రకటించింది. కాని ఆ విధానం దస్త్రాలకు వర్తిస్తుంది, మంచం కింది ట్రంకుపెట్టెలకు వర్తించదు. అవి ఇంటివారి పూచీ.

మళ్లీ దుకాణం దగ్గరికి వస్తాను. రికార్డింగ్ అంత బాగా చేసినాయన, చేతికి ఇచ్చిన వీడియోను మాత్రం పాడుచేశారు. గంటన్నరను పద్దెనిమిది నిమిషాలకు కత్తిరించి, వెనక దేశభక్తి సంగీతం పెట్టి, మొదట్లో ఎగిరే జెండా వేశారు. నాన్నగారు మాట ఆపి ఆలోచించిన చోట్లన్నీ తీసేశారు. నిజానికి ఆ మౌనాల తర్వాతే ఆయన అసలు మాట చెప్పారు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2000 నుంచి నడుపుతున్న మాజీ సైనికుల జ్ఞాపకాల పథకంలో ముప్పై నిమిషాలకు తక్కువైన రికార్డింగును తీసుకోరు, అతుకులు వేసినదానిని కోరుకోరు. ఈ సంగతి చెప్పి, కత్తిరించని అసలు రికార్డింగును, విడిగా ధ్వని ఫైలును అడిగి తీసుకున్నాను. అడగకపోతే నెల తర్వాత చెరిపేసేవారట. చుట్టాలకు పంపడానికి ఆ పద్దెనిమిది నిమిషాలదే బాగుందని అమ్మ అంటుంది, ఆమె మాటనూ కొట్టిపారేయలేను.

ఫైళ్లకు పేర్లు పెట్టడంలో దుకాణం పని సున్నా. ఐఎంజీ 0001 నుంచి వరస అంకెలు, అంతే. ఏ ఫొటో ఏ ఉత్తరంతో కలిసి ఉండేదో, ఏది ఏ కవరులోనిదో అంతా కలిసిపోయింది. నేను మూడు ఆదివారాలు నాన్నగారి పక్కన కూర్చుని, ఒక్కొక్క ఫైలుకు తేదీ, ఊరు, మనుషులు, ఆ సంగతి ఎవరు చెప్పారు అన్నవి తెలుగులో రాసుకున్నాను. ఆయన రూఢిగా చెప్పినదానికి, బహుశా అన్నదానికి తేడా తెలిసేలా గుర్తు పెట్టాను. ఇది దుకాణం చేయగల పని కాదని ఇప్పుడు అనిపిస్తుంది. కనీసం ఒక ఖాళీ పట్టిక ఇచ్చినా మేలు చేసినవారయ్యేవారు.

ఖర్చు దాచేదేమీ లేదు. కాగితాలు 214 పుటలకు, పుటకు 12 రూపాయల చొప్పున 2,568. ఫొటోలు 86కు వెనక వైపుతో సహా 40 చొప్పున 3,440. రెండు రికార్డింగులకు 3,000. మొత్తం 9,008 రూపాయలు. హార్డ్ డిస్కు నాదే. పదిహేను రోజులన్నది నలభై రెండు రోజులైంది; వరద తర్వాత ఊళ్లో సగం మంది తడిసిన పెళ్లి ఆల్బములతో అక్కడే ఉన్నారు గనుక దీనికి నేను మార్కులు తగ్గించను. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. డిశ్చార్జి పుస్తకం, పెన్షను ఉత్తర్వు మీద సర్వీసు నంబరు, బ్యాంకు వివరాలు ఉంటాయి. వాటిని వాట్సాప్‌లో పంపవద్దని చెప్పండి. మాకు మొదటి నమూనాలు అలాగే పంపారు.

ఇప్పుడు ఒక డిస్కు నా దగ్గర, ఒకటి హైదరాబాదులో చెల్లెలి దగ్గర ఉన్నాయి. అసలు కాగితాలు ఆమ్లం లేని కాగితపు కవర్లలో, అటక మీద, నేలకు ఏడడుగుల ఎత్తున ఉన్నాయి. టాంగైల్ గురించి చెప్పిన భాగాన్ని ఢిల్లీలోని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్‌లోని సైనిక చరిత్ర పరిశోధన కేంద్రానికి పంపడానికి నాన్నగారు మొదట ఒప్పుకోలేదు, "నేనేం పైలట్‌నా" అన్నారు. పోయిన వారం ఒప్పుకున్నారు.

ఇంకా ఒక పని మిగిలి ఉంది. రెక్క కింద నవ్వుతున్న నలుగురిలో ఎడమ చివరి కుర్రవాడి పేరు నాన్నగారికి గుర్తు రావడం లేదు. కొట్టాయం నుంచి వచ్చాడని, రాత్రిపూట కందకంలో పాట పాడేవాడని మాత్రం చెప్పారు. ఆ ఫైలుకు పేరు దగ్గర ఖాళీ ఉంచాను. దుకాణం ఆయన కూడా తన దగ్గరి ప్రతిని చెరపకుండా ఉంచుతానన్నారు, దానికి డబ్బు అడగలేదు.